కవచపు క్రూజరులు

1914వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి సుమారు తొమ్మిదిన్నర గంటలకు ఎండెన్ అను జర్మను యుద్ధనౌక చెన్నపట్టణపు రేవునకు ఎదురుగా వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీవారి నూనె తొట్లపై గుండ్లు కురిపించెను. తొట్లు మండెను. పట్టణవాసులు పలువురు మూటలు కట్టుకొని బంధువుల యూళ్లకు తరలిపోయిరి. హైకోర్టు ప్రహరీగోడకు గుండు తగిలిన తావున ఆ సంగతిని తెలుపు పలక యొకటి కలదు. ఈ కథ వినని తెలుగువారు అరుదు.

అదే దినమున, ప్రొద్దు పొడిచిన కొంతసేపటికి, హాలండు తీరమున కెదుట ఉత్తర సముద్రములో మూడు పెద్ద బ్రిటిషు ఓడలు సుమారు గంటన్నర కాలములో ఒకదాని వెనుక నొకటి మునిగిపోయెను. వానితో 1,459 మంది నావికులు చనిపోయిరి. చెన్నపట్టణమున చనిపోయినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. అయినను మనకు జ్ఞాపకమున్నది చెన్నపట్టణపు కథయే. తన యింటి గోడ బీటవారిన దినమున ఎదురూరిలోని దహనకాండ యెవనికిని జ్ఞప్తికి రాదు; అందులో వింత యేమియు లేదు. కాని ఆ రెండవ కథలో ఆలోచింపదగిన విషయములు మొదటిదానికంటె నెక్కువగా నున్నవని నాకు తోచుటచేత ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆ మూడు ఓడల పేర్లు అబూకిర్, హోగ్, క్రెసీ. మూడును ఒకే నమూనాపై కట్టబడినవి. అట్టివి మొత్తము ఆరు. వానిలో నొకదానికి 1846 నాటి సిక్కుల యుద్ధమునకు జ్ఞాపకార్థముగా మన సట్లెజ్ నది పేరు పెట్టిరి. ఒక్కొక్కటి 12,000 టన్నుల బరువు గలది. ఒక్కొక్కదానిలో 760 మంది పనిచేయుచుండిరి. కట్టిననాడు ఇవి ఆంగ్ల నౌకాబలమునకు అలంకారములు. పదునాలుగేండ్లు తిరుగకమునుపే తోడి నౌకాదళమువారు ఈ యోడల దండునకు ‘బ్రతికియున్న ఎర’ అని పేరు పెట్టిరి. అలంకారము ఎర యెట్లయ్యెను? తప్పు ఓడదా? ఓడను కట్టినవానిదా? దానిని ఆ చోటికి పంపినవానిదా?

ఇది తెలియుటకు ముందు క్రూజరు అనగా నేమో తెలిసికొనవలెను. నౌకాదళమున ముఖ్యముగా రెండు తెగల యోడలుండెను. శత్రువుల ప్రధానబలమునకు ఎదురు నిలిచి, వరుస తీరి, దెబ్బకు దెబ్బ తీయునది యుద్ధపుటోడ. దానికి మందమైన కవచము, పెద్ద ఫిరంగులు, నెమ్మది నడక. క్రూజరు అట్లు గాదు. అది ఒంటరిగా దూరసముద్రములలో తిరిగి వర్తకపుటోడలను కాపాడును, శత్రువుల వర్తకమును చెరచును, వార్తలు తెచ్చును. ఇంగ్లండు తాను తిను రొట్టెలో పెద్దభాగమును సముద్రముమీదుగా తెప్పించుకొను దేశము. కావున వర్తకమార్గములే దాని ప్రాణనాళములు. పందొమ్మిదవ శతాబ్ది చివర ఫ్రాన్సులోని కొందరు నౌకానిపుణులు ఈ కీలకమును గ్రహించి, ఇంగ్లండు మహానౌకాదళముతో ముఖాముఖి పోరుటకంటె వేగముగల ఓడలతో దాని వర్తకమును కొల్లగొట్టుటయే మేలని బోధింపసాగిరి. 1890లో ఫ్రెంచివారు ద్యుపుయి ద లోమ్ అను క్రూజరును నీటికి దింపిరి. దాని ప్రక్కలనంతయు ఉక్కుపలకలతో కప్పిరి.

ఆంగ్లేయుల క్రూజరులలో పెక్కింటికి అప్పటికి ప్రక్క కవచము లేదు. ఓడ లోపల, నీటిమట్టమున, తాబేటిడిప్పవలె వంగిన ఉక్కు తట్టు మాత్రముండి యంత్రములను కాపాడుచుండెను. ప్రక్కలు కప్పవలెనన్న కోరిక లేక కాదు; గుండును ఆపగల మందమున కప్పినచో బరువు పెరిగి నడక చచ్చెడిది. ఈ చిక్కును విప్పినది ఓడల శిల్పి గాడు, ఉక్కు కరగించువాడు. జర్మనీలోని క్రుప్పువారు పలక పైతలమునకు బొగ్గుసత్తువ పట్టించి వజ్రమువలె గట్టిపరచి, వెనుకభాగమును సాగుడు గలదిగా నుంచు పద్ధతిని కనిపెట్టిరి. దానిచే ఆరంగుళముల పలక పూర్వపు పండ్రెండంగుళముల పలక చేయు పనిని ఇంచుమించుగా చేయసాగెను. గట్టిదనము సగము బరువునకే దొరకినది. ఆంగ్ల నౌకాశిల్పాధికారియగు విలియమ్ వైట్ ఈ యవకాశమును పట్టుకొని క్రెసీ తెగను రచించెను.

క్రెసీకి ముందొకటి వెనుకొకటిగా 9.2 అంగుళముల ఫిరంగులు రెండు. ప్రక్కల ఆరంగుళముల ఫిరంగులు పండ్రెండు. నడుమున ఆరంగుళముల కవచపు పట్టీ. గంటకు 21 నాట్లు, అనగా 21 సముద్రపు మైళ్ల వేగము. ఆ వేగమునకై లోపల ముప్పది బాయిలర్లు. పైతట్టున తెల్లదుస్తులతో నిలిచిన నావికులను చిత్రపటములలో చూచి మనము ఓడ యనగా వారే యనుకొందుము. కాని ఆ ముప్పది పొయ్యిలకు బొగ్గు పారలతో ఎగవేయువారు, కొట్లలో బొగ్గు దొరలించి తెచ్చువారు, ఎండ మొగమెరుగక, మసితో, చెమటతో క్రింద బ్రతుకుచుండిరి. పూర్తి వేగమున పోవునపుడు వారి శ్రమకు మేర యుండెడిది కాదు. ఓడ దెబ్బ తిన్నప్పుడు పైకి రాగలవారిలో కడపటివారు వారే.

రెండు సంగతులను పాఠకులు గుర్తుంచుకొనవలెను. బొగ్గుకొట్లను ఓడ ప్రక్కల పొడవునను అమర్చి, వానికిని లోపలి యంత్రపు గదులకును నడుమ ఓడ పొడవునకు నిలువుగోడలు కట్టిరి. బొగ్గు కూడ కవచమునకు తోడగునని వారి యూహ. గుండు విషయమున ఇది నిజము. కాని నీటి క్రింద ఒక ప్రక్క రంధ్రము పడినచో, నీరు ఆ గోడచే ఆగి, ఆ ప్రక్కనే నిండి, ఓడను ఒరగద్రోయును. రెండవది, ఆరంగుళముల ఫిరంగులను రెండంతస్తుల గదులలో ఒకదానిపై నొకటిగా నిలిపిరి. క్రింది అంతస్తు ఫిరంగులు నీటికి కొద్ది అడుగుల యెత్తున మాత్రముండెను. సముద్రము శాంతముగా నున్నప్పుడు ఫిరంగుల లెక్క ఘనముగా కనబడును. అలలు లేచినచో క్రింది గదుల తలుపులు తెరచుటయే కష్టము. కాగితముమీది ఫిరంగులు వేరు, కడలిమీది ఫిరంగులు వేరు.

తరువాత వచ్చిన డ్రేక్ తెగ ఓడలు నాలుగు. 14,100 టన్నులు, 23 నాట్లు, నలువదిమూడు బాయిలర్లు. అయినను 9.2 అంగుళముల ఫిరంగులు మరల రెండే. వీని ఖర్చును చూచి బెదరి, చౌకగా నుండుటకై మన్మత్ తెగను పది యోడలుగా కట్టిరి. వీనికి ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండులలోని జిల్లాల పేర్లు పెట్టిరి. 9,800 టన్నులకు ఆరంగుళముల ఫిరంగులు పదునాలుగు తప్ప పెద్ద ఫిరంగి యొక్కటియు లేదు; కవచము నాలుగంగుళములు. అటుపై డెవన్‌షయరు తెగ ఆరు. ఫిలిప్ వాట్స్ అధికారమునకు వచ్చిన పిదప డ్యూక్ ఆఫ్ ఎడింబరో, బ్లాక్ ప్రిన్స్ అను రెండు. వారియరు తెగ నాలుగు. చివరకు మైనటారు, షానన్, డిఫెన్స్ అను మూడు. వెరసి ముప్పదియైదు. చివరి మూడింటిలో 9.2 అంగుళముల ఫిరంగులు నాలుగు, 7.5 అంగుళములవి పది. బరువు 14,600 టన్నులు, వెల యొక్కొక్కటి సుమారు 14 లక్షల పౌనులు.

భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువున ఓడ పలకలను ఇనుముతో బిగింపరాదని, సముద్రములోని అయస్కాంత శిలలు లాగివేయునని చెప్పబడియున్నది. దీనిని చదివి మా విద్యార్థులు నవ్వుదురు. నేను వారింపను గాని, ఆ గ్రంథకర్తకు ఒక మేలిగుణము కలదని చెప్పుదును: ఏ యోడ ఏ నీటికి తగునో ముందు విభజించి, తరువాత కొలతలు చెప్పినాడు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున లండను నగరములో కొలతలు పెరుగుచు పోయెను. ఏ నీటికి అన్న ప్రశ్న మాత్రము వెనుకబడెను.

ఎందుకనగా ఓడ పెరిగినకొలదియు దానిపై ఆశ పెరిగెను. వర్తకరక్షణకని పుట్టిన క్రూజరు యుద్ధపుటోడ యంత పొడవు, అంత వెల గలది కాగా, దానిని దొంగల వెంట తరుముటకు మాత్రమే యుంచుట దుబారాగా తోచెను. 1905 మే నెలలో ట్సుషిమా యుద్ధమున జపానువారు తమ కవచపు క్రూజరులను యుద్ధపుటోడల వరుస వెంబడి నిలిపి పోరి గెలిచిరి. వానిలో కొన్ని ఇంగ్లండులోనే కట్టబడినవి. ఆ దృష్టాంతమును చూచి, ఇకమీదట క్రూజరులు ప్రధానదళమునకు వేగముగల రెక్కగా పనిచేయగలవని అందరును నమ్మిరి. రష్యావారి గురి ఎంత చెడ్డదో, ఆ యోడలు ఎట్టి స్థితిలో ప్రపంచపు సగము చుట్టి వచ్చెనో, ఆ విచారణ చేసినవారు తక్కువ.

ఇంతలో 1904లో నౌకాదళమునకు ప్రథమాధికారియైన ఫిషరు క్రొత్త యోడను తలపెట్టెను. 1908లో కొలువునకు వచ్చిన ఇన్విన్సిబుల్ అను ఆ యోడకు పండ్రెండంగుళముల ఫిరంగులు ఎనిమిది, ఆవిరి టర్బైను యంత్రములు, 25 నాట్ల వేగము. మైనటారును పట్టుకొనగలదు, దానికందని దూరమునుండి దానిని కాల్చివేయగలదు. మైనటారు పూర్తియైనదియు ఆ 1908లోనే. పుట్టిననాడే ముసలిదైన యోడ చరిత్రలో అరుదు. అప్పటినుండి ముప్పదియైదింటికిని ‘రెంటికి చెడ్డ రేవడి’ యన్న సామెత సరిపోయెను: యుద్ధపుటోడ యెదుట బలము చాలదు, క్రొత్త క్రూజరు వెంట నడక చాలదు. 1910లో బెడ్‌ఫర్డ్ అను నొకటి కొరియా దక్షిణమున రాళ్లపై నెక్కి పోయినది. మిగిలినవి ముప్పదినాలుగు.

యుద్ధము 1914 ఆగస్టులో వచ్చినది. వచ్చిన మూడవ దినముననే ఈ యోడల విలువ యెంతో తేల్చవలసిన సమయము తటస్థించెను. మధ్యధరా సముద్రమున జర్మనుల గోబెన్ అను పెద్ద యోడ టర్కీ వైపు పారిపోవుచుండెను. దానికి పదునొకండంగుళముల ఫిరంగులు పది. దాని త్రోవ కడ్డముగా పోగలిగియుండిన సేనాని ట్రూబ్రిడ్జి. అతని చేతిలో నాలుగు కవచపు క్రూజరులు: డిఫెన్స్, వారియర్, బ్లాక్ ప్రిన్స్, డ్యూక్ ఆఫ్ ఎడింబరో. తనకంటె మించిన బలముతో తలపడవలదని అతనికి ముందే ఆజ్ఞ వచ్చియుండెను. మొదట రాత్రివేళ పోరుటకు నిశ్చయించి బయలుదేరెను. ఓడ కెప్టెను వచ్చి, తెల్లవారిన పిమ్మట విశాలసముద్రమున గోబెన్ తనకు అనువైన దూరమున నిలిచి ఒక్కొక్క యోడను ముంచివేయునని, మన గుండ్లు దాని దరికి చేరవని చెప్పెను. ఆగస్టు 7వ తేదీ వేకువకు ముందు ట్రూబ్రిడ్జి వెనుదిరిగెను. గోబెన్ కాన్‌స్టాంటినోపిల్ చేరెను. టర్కీ యుద్ధమున దిగుటకు అది యొక కారణమయ్యెను.

ఫలితమును బట్టి చూచిన ట్రూబ్రిడ్జి నిర్ణయము దేశమునకు హాని చేసినది. ఓడల కొలతలను బట్టి చూచిన అతడు లెక్క తప్పలేదు. కాని పిరికివాడను మాట ఎక్కడికక్కడ పాకెను. అతనిని లండనుకు పిలిపించి విచారణ జరిపి, తరువాత సైనికన్యాయస్థానమున నిలువబెట్టిరి. నవంబరులో న్యాయస్థానము అతనిని నిర్దోషి యనెను. అయినను సముద్రముమీద ఓడల దండును మరల అతని చేతికి ఇయ్యలేదు. దీని నుండి తక్కిన సేనానులు నేర్చుకొనిన పాఠమేమో చెప్పుటకు పండితుడు కానక్కరలేదు.

ఇక ఉత్తర సముద్రమునకు వత్తము. అబూకిర్, హోగ్, క్రెసీలను హాలండు వైపు గస్తీ తిరుగుటకు నియమించిరి. ముసలి యోడలకు ముసలి కలాసులు చాలునన్నట్లు, వానిని నడపుటకు రిజర్వు నావికులను పిలిచిరి. వారిలో పెక్కుమంది పెండ్లాము బిడ్డలతో స్థిరపడి, వేరువేరు వృత్తులు చేసికొనుచున్న నడివయస్సువారు. చాతమ్ రేవు చుట్టుపట్లవారు అనేకులు. ఇది చాలక డార్ట్‌మత్ నౌకావిద్యాలయమునుండి నాలుగువందలకు పైగా బాలురను యుద్ధారంభమున ఓడలకు పంచివేసిరి. వారిలో పదునైదేండ్లవారు చాలమంది. కొందరు ఈ మూడు ఓడలకు వచ్చిరి.

ఈ గస్తీ ప్రమాదకరమని తెలియక జరిగినది కాదు. నౌకామంత్రియగు చర్చిలు, సెప్టెంబరు 18వ తేదీన, ఈ యోడలు అక్కడ చేయు సేవకు వానికి కలుగగల ప్రమాదము సరిపడదని, వానిని అచ్చటినుండి తీసివేయవలెనని వ్రాసెను. అందరును ఒప్పుకొనిరి. తీసివేయుట మాత్రము జరుగలేదు. కార్యాలయములలో తప్పు తెలిసికొనుటకును దిద్దుకొనుటకును నడుమ గడచు దినములకు వెల యెవరు చెల్లింతురో ఇంతకంటె స్పష్టముగా చూపు నుదాహరణ నాకు కనబడలేదు. నాలుగు దినములు గడచెను.

గాలివాన కారణముగా తోడుండవలసిన డిస్ట్రాయరులు రేవునకు మరలెను. సేనాని యోడ బొగ్గుకై వెడలెను. మూడు క్రూజరులు తిన్నగా, సుమారు 10 నాట్ల వేగమున, వంకర త్రోవలు పట్టక పోవుచుండెను. 22వ తేదీ ఉదయము గాలి తగ్గెను. యూ-9 అను జర్మను జలాంతర్గామి, ఐదువందల టన్నులకు లోపుది, ముప్పదిమందికంటె తక్కువ సిబ్బంది గలది, వెడిగెన్ అనువాని నాయకత్వమున నీటిలోనుండి వీనిని చూచెను. ఆరుగంటల యిరువది నిమిషములకు అబూకిర్‌కు టార్పిడో తగిలెను. కెప్టెను మైను తగిలినదనుకొని తక్కిన రెండింటిని సాయమునకు దగ్గరకు రమ్మనెను. అబూకిర్ ఒక ప్రక్కకు ఒరిగి తిరుగబడెను. హోగ్ ఆగి, పడవలు దింపి, కొయ్యబల్లలను నీట వేసి, మునుగువారిని ఎక్కించుకొనుచుండగా దానికి రెండు టార్పిడోలు తగిలెను. పదిపదునైదు నిమిషములలో అదియు మునిగెను. అప్పటికి శత్రువెవ్వడో తెలిసినది. అయినను క్రెసీ వారిని విడిచి పోలేకపోయెను. దానికిని అదే గతి. ఏడు గంటల యేబదియైదు నిమిషములకు సముద్రముమీద మనుష్యుల తలలు, కొయ్యముక్కలు తప్ప ఏమియు లేదు. పొడవునకు కట్టిన నిలువుగోడల సంగతి ఇదివరకే చెప్పితిని. వెడిగెన్ విడిచినవి మొత్తము ఆరు టార్పిడోలు.

అబూకిర్ మునిగినప్పుడు నీట దూకిన పదునైదేండ్ల బాలుడొకడు ఈదుకొని హోగ్ చేరెను. హోగ్ మునుగగా ఈది క్రెసీ చేరెను. క్రెసీయు మునుగగా ఒక కొయ్యను పట్టుకొని తేలుచుండి, చివరకు రక్షింపబడెను. ఆంగ్ల పుస్తకములలో ఈ కథను సాహసగాథగా వ్రాయుదురు. నేను ఉపాధ్యాయుడను, నా యెదుట బల్లలపై కూర్చుండు బాలుర వయస్సు అదియే. వారి చేతిలో వ్యాకరణము తప్ప వేరొక బరువు పెట్టుటకు నేను వెనుదీయుదును. అభిమన్యుని పద్మవ్యూహమునకు పంపిన పెద్దలకు, త్రోవ తెరచుకొని వెంట వత్తుమన్న మాటయైన నుండెను. వారు ఆ సాయంకాలము ఏడ్చిరి. డార్ట్‌మత్ బాలుర తలిదండ్రులు కొందరు ఇట్లు పంపుట తగదని మొరపెట్టిరి, పార్లమెంటున ప్రశ్నలు వచ్చెను. బాలురు ఓడలమీదనే యుండిరి.

రక్షణకు వచ్చినవి ఫ్లోరా, టైటన్ అను హాలండు స్టీమరులును, లోస్టాఫ్ట్ జాలరుల పడవలును. వారు తమకేమగునో యని ఆలోచింపక నీటిలోనివారిని ఎక్కించుకొనిరి. బ్రతికినవారు 837 మంది. ఆ పిమ్మట నౌకాశాఖవారు పెద్దయోడలకు ఒక యాజ్ఞ యిచ్చిరి: తోడి యోడ దెబ్బతిన్నను, దానివారిని రక్షించుటకు ఆగరాదు. యుద్ధనీతి దృష్టితో ఇది సరియైన యాజ్ఞయే. హోగ్, క్రెసీ కెప్టెనులు చేసినది మానవధర్మము. అది తప్పని శాసనముగా వ్రాయవలసి వచ్చుటయే ఆధునిక యుద్ధపు స్వరూపము.

నలువది దినములకు నవంబరు 1వ తేదీన చిలీదేశపు కరోనెల్ రేవునకు ఎదుట మరియొక కథ జరిగెను. అడ్మిరల్ క్రాడక్ చేతిలో గుడ్ హోప్, మన్మత్ అను రెండు కవచపు క్రూజరులు, గ్లాస్గో అను చిన్న క్రూజరు, ఒట్రాంటో అను ప్రయాణికుల స్టీమరు ఉండెను. రెండు క్రూజరులలోను హడావిడిగా చేర్చిన రిజర్వువారే యెక్కువ. ఎదుట షార్న్‌హార్స్ట్, నైసెనా. ఇవియు కవచపు క్రూజరులే, కాని గురికి బహుమతులు పొందిన సిబ్బందితో, 8.2 అంగుళముల ఫిరంగులు రెండింటికిని కలిపి పదునారు. క్రాడక్‌కు పెద్ద ఫిరంగులు రెండే. ముసలి యుద్ధపుటోడ కానోపస్ మూడువందల మైళ్ల వెనుక వచ్చుచుండెను. దాని కొరకు ఆగవచ్చును. అతడు ఆగలేదు. ట్రూబ్రిడ్జి గతి తనకు పట్టకుండ చూచుకొందునని అతడు అంతకుముందే ఒక మిత్రునకు వ్రాసియుండెను.

ఆ సాయంకాలము సముద్రము పెద్ద అలలతో లేచియుండెను. క్రింది అంతస్తు ఫిరంగులు నీట తడియుచుండెను. గదులలోనికి అలలు వచ్చుచుండెను. సూర్యుడు అస్తమింపగా పడమట నున్న బ్రిటిషు ఓడలు ఎఱ్ఱని యాకాశముపై గీసిన బొమ్మలవలె కనబడెను. తూర్పున నున్న జర్మను ఓడలు చీకటిలో కలిసిపోయెను. ఏడు గంటలకు జర్మను సేనాని స్పీ కాల్పులారంభించెను. కొద్ది నిమిషములలో గుడ్ హోప్ ముందరి పెద్ద ఫిరంగి పోయెను. ఎనిమిది గంటలకు లోపల ఆ యోడ ప్రేలినది. ఒరిగిపోవుచున్నను జెండా దింపని మన్మత్‌ను న్యూరెంబర్గ్ అను చిన్న క్రూజరు దగ్గరకు వచ్చి కాల్చి ముంచెను. రెండింటిలో ఒక్కడును బ్రతుకలేదు. సుమారు 1,600 మంది. గుడ్ హోప్‌పై కెనడాదేశపు యువకులు నలుగురుండిరి. ఆ దేశపు నౌకాదళమున యుద్ధమునకు బలియైన మొదటివారు వారే. జర్మనులలో గాయపడినవారు ముగ్గురు.

ఈ వార్త నవంబరు 4వ తేదీన లండను చేరెను. ట్రూబ్రిడ్జి విచారణ 5వ తేదీన మొదలయ్యెను. మించిన బలముతో పోరరాదని వెనుదిరిగినవాడు బోనులో నిలిచియుండగా, మించిన బలముతో పోరినవాడు పసిఫిక్ సముద్రపు టడుగున నుండెను.

ఓడ పనికిమాలినదని నేను చెప్పుటలేదు. అదే మన్మత్ తెగలోని కెంటు అను నోడ డిసెంబరు 8వ తేదీన ఫాక్‌లండు దీవుల యుద్ధమున పాల్గొనెను. పెద్ద జర్మను ఓడల పని ఇన్విన్సిబుల్, ఇన్‌ఫ్లెక్సిబుల్ చూచుకొనెను. స్పీయు, అతని కుమారులిద్దరును అచ్చట మడిసిరి. పారిపోవుచున్న న్యూరెంబర్గ్‌ను కెంటు తరిమెను. బొగ్గు చాలదని భయపడి, కుర్చీలు, నిచ్చెనలు, దొరికిన కొయ్యనంతయు పొయ్యిలలో వేసి, బొగ్గువారు తమ శక్తికి మించి పనిచేయగా, ఓడ ఎన్నడును పోని వేగమున పోయి దానిని పట్టుకొని ముంచెను. ఒక జర్మను గుండు ఫిరంగిగదిలో పడి మందుగుండునకు నిప్పంటగా, మేజ్ అను సార్జెంటు ఆ మంటను ఆర్పి ఓడనే కాపాడెను. వర్తకమును చెరచు చిన్న యోడను దూరసముద్రమున వెదకి పట్టుకొనుట: ఈ క్రూజరులు పుట్టినది ఆ పనికే. ఆ పనికి పెట్టినప్పుడు అవి పనిచేసెను.

అట్లే హాంప్‌షయరు అను డెవన్‌షయరు తెగ ఓడ 1914 సెప్టెంబరులో మన సముద్రములలో ఎండెన్‌ను వెదకుచు తిరిగినది. సుమత్రా దగ్గరి సిమలూరు దీవిలో ఎండెన్ బొగ్గెక్కించుకొనిన దినములలో హాంప్‌షయరు ఆ చుట్టుపట్లనే యుండెను, రెండును కలిసికొనలేదు. కలిసికొనియున్నచో చెన్నపట్టణపు హైకోర్టు గోడకు పలక యుండెడిది కాదేమో. ఎండెన్‌ను నవంబరు 9వ తేదీన కోకోస్ దీవుల యొద్ద సిడ్నీ అను ఆస్ట్రేలియా ఓడ పాడుచేసెను. హాంప్‌షయరునకు వేరొక చావు వ్రాసియుండెను. 1916 జూన్ 5వ తేదీన, 1902 నుండి 1909 వరకు మన దేశమున సేనాధిపతిగా నుండిన కిచెనరును రష్యాకు తీసికొని పోవుచు, ఆర్క్‌నీ దీవుల పడమట తుపానులో మైను తగిలి అది మునిగెను. వెంటవచ్చిన రెండు డిస్ట్రాయరులను గాలి కెదురేగలేవని అంతకుముందే వెనుకకు పంపిరి. చనిపోయినవారు 737 మంది. తెప్పలపై ఒడ్డు చేరి బ్రతికినవారు పండ్రెండుగురు.

దీనికి అయిదు దినముల ముందు జట్లండు మహాయుద్ధము జరిగెను. ట్రూబ్రిడ్జి చేతిలో నుండిన నాలుగు క్రూజరులును ఇప్పుడు అర్బత్నట్ అను సేనాని క్రింద అచ్చట నుండెను. అతడు సాహసమునకు పేరుపడినవాడు. మే 31వ తేదీ సాయంకాలము, కదలలేక పడియున్న వీస్‌బాడెన్ అను చిన్న జర్మను ఓడను తుదముట్టించుటకై డిఫెన్స్, వారియర్‌లతో రెండు మహాసైన్యముల నడుమకు దూసికొనిపోయెను. పొగలోనుండి జర్మనుల పెద్దయోడలు హఠాత్తుగా దగ్గరనే బయలుపడెను. ఆరుగంటల యిరువది నిమిషములకు డిఫెన్స్ ప్రేలి, సుమారు తొమ్మిదివందలమందితో, సేనానితో, అదృశ్యమయ్యెను. వారియర్ ఛిద్రమై మరునాడు మునిగెను. దానివారిని ఏడువందలకు పైగా ఎంగడీన్ అను విమానములు మోయు ఓడ రక్షించెను. బ్లాక్ ప్రిన్స్ దారితప్పి, అర్ధరాత్రమున జర్మను యుద్ధపుటోడలను తమవే యనుకొని దరిజేరి, వెలుగు పడినంతనే కాల్పబడి, 857 మందితో పోయెను. 1914 ఆగస్టున ట్రూబ్రిడ్జి వద్దన్నది ఇట్టి పోరునే. నాలుగింటిలో మూడు ఒక్క రాత్రిలో పోయెను.

అదే సాయంకాలము ఇన్విన్సిబుల్ కూడ రెండు ముక్కలై 1,026 మందితో మునిగెను, బ్రతికినవారు ఆరుగురు. ఈ యోడకును కవచము ఆరంగుళములే. వేగమును, పెద్ద ఫిరంగులును గలవు గదా యని దానిని యుద్ధపుటోడల సరసన నిలిపిరి. వెనుకటి క్రూజరుల విషయమున చేసిన పొరపాటే పెద్ద ఫిరంగులతో మరల జరిగెను. నా తీర్పు ఇది: క్రుప్పు ఉక్కును ఓడ ప్రక్కకు తొడిగిన వైట్ తప్పుచేయలేదు, ఆ కవచమును చూచి దానిని వేరొక ఓడ యని భ్రమించినవారు, భ్రమపడనివానిని అవమానించినవారు తప్పుచేసిరి.

1917, 1918 సంవత్సరములలో మిగిలినవానిని అట్లాంటికు మీద వర్తకపుటోడల గుంపులకు కాపుగా పెట్టిరి. ఇరువదేండ్ల క్రింద అవి ఏ పనికి సంకల్పింపబడెనో ఆ పని చివరకు వానికి దొరకినది. ఒక గుంపును తెచ్చి విడిచిన డ్రేక్‌ను 1917 అక్టోబరు 2వ తేదీన ఐర్లండు ఉత్తరమున జలాంతర్గామి కొట్టెను. సఫక్ 1918లో వ్లాడివాస్టాక్ చేరగా, దాని ఫిరంగులలో కొన్నిటిని రైలుబండ్లపై కెక్కించి నావికులు సైబీరియా లోపలికి కొనిపోయిరి; ఓడ ఫిరంగి పోగల మిక్కిలి దూరపు భూమార్గము అదియే యనుకొందును. నటాల్ 1915 డిసెంబరు 30వ తేదీన, విందుకు వచ్చిన స్త్రీలు, బిడ్డలు ఓడలో నుండగా, రేవులోనే ప్రేలెను. ఆర్గిల్ రాళ్లపై పోయెను. కొక్రేన్ సంధి జరిగిన నెలలో ఇసుకమేట నెక్కి విరిగెను. యుద్ధమున కడుగుపెట్టిన ముప్పదినాలుగింటిలో పదుమూడు ఈ విధముగా నశించెను. మిగిలినవానిని పాత ఇనుముగా అమ్మివేసిరి. 1923 నాటికి ఒక్కటియు లేదు.

వెడిగెన్ 1915 మార్చిలో తన రెండవ జలాంతర్గామిలో నుండగా డ్రెడ్‌నాట్ అను యుద్ధపుటోడ దానిమీదుగా పోయి నీట కలిపెను. అబూకిర్, హోగ్, క్రెసీ మాత్రము హాలండు ఎదుటి లోతులేని నీటిలో చాలకాలము కదలక యుండెను. 1954లో బ్రిటిషు ప్రభుత్వమువారు వానిలోని లోహమును తీసికొను హక్కును అమ్మివేసిరి. కొనినది ఒక జర్మను కంపెనీ.